పూతకూ గింజకూ మధ్య

జూన్ 24, 2023, శనివారం

మృగశిర కార్తె అంతా ఎండలోనే పోయింది. ఆరుద్ర వచ్చాక గానీ మబ్బు కమ్మలేదు. రాత్రి ఒక మోస్తరు వాన పడింది, పొద్దున లేచేసరికి ఫోన్లే ఫోన్లు. "మేడం, సోయా ఎయ్యమంటరా?" అని ఒకటే ప్రశ్న. అందరికీ ఒకటే జవాబు చెప్పాను. అరవై, డెబ్భై మిల్లీమీటర్లు పడాలి, గడ్డపారతో తవ్వి చూస్తే జానెడు లోతు దాకా తడి కనబడాలి, అప్పుడే విత్తనం నేలలో పడాలి.

ఇది నేను మొండిగా చెప్పే మాట కాదు. సోయా గింజ మొలవాలంటే తన బరువులో సగం నీరు పీల్చుకోవాలి. మొక్కజొన్నకు మూడో వంతు లోపు చాలు. సోయా గింజ పైపొర పలచన, లోపల మాంసకృత్తులు ఎక్కువ. సగం ఉబ్బాక నేల ఆరిపోతే ఆ గింజ మళ్లీ తేరుకోదు. ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీస మొలక 80 శాతం ఉండాలంటే, సోయాకు 70 శాతమే పెట్టారు. విత్తనం అంత సున్నితమైనది కాబట్టే ఆ సడలింపు.

గుట్ట కింది పెద్దాయన మాత్రం ఆగేటట్టు లేడు. ఆయనది వాలు భూమి, మూరెడు లోతులోనే మొరం తగులుతుంది. తక్కువ రోజుల రకం జేఎస్ 93-05 తెచ్చి పెట్టుకున్నాడు. వాగు పక్క అక్కది లోతైన నల్లరేగడి, బురద తగ్గనిదే ఆమె చేలో అడుగు పెట్టలేం. ఆమె దగ్గర జేఎస్ 335 ఉంది. జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి 1994లో విడుదలైన ఆ రకాన్ని ఈ ముథోల్ ప్రాంతంలో ఇప్పటికీ పేరు పెట్టి అడుగుతారు.

జులై 18, మంగళవారం

పెద్దాయన జూన్ 27న విత్తాడు. అక్క జులై 5న. ఇద్దరి చేలూ నిండుగా మొలిచాయి. ఈ సాయంత్రం పెద్దాయన చేలో ఒక మొక్కను మట్టితో సహా తవ్వి తీసి, వేళ్లు కడిగి చూశాను. బుడిపెలు కట్టడం మొదలైంది. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు. ఆ రంగు ఉందంటే లోపలి రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తోందని అర్థం. రైజోబియం కల్చర్ పట్టించి విత్తినందుకు ఫలితం కనబడుతోంది.

సోయా గింజలో దాదాపు 40 శాతం మాంసకృత్తులు, 20 శాతం నూనె ఉంటాయి. అన్ని మాంసకృత్తులు కట్టాలంటే మొక్కకు నత్రజని విపరీతంగా కావాలి, అందులో పెద్ద భాగం ఈ బుడిపెల నుంచే రావాలి. బెట్ట వచ్చినప్పుడు ఆకు వాడటాన్ని అందరం చూస్తాం. ఆకు కంటే ముందే నేల కింద బుడిపె మందగిస్తుంది. కిరణజన్య సంయోగక్రియ బాగానే సాగుతున్న దశలోనే నత్రజని స్థిరీకరణ పడిపోతుందని శాస్త్రవేత్తలు మళ్లీ మళ్లీ కొలిచి చెప్పారు. బుడిపె పట్టిన నత్రజని యూరైడ్లనే రూపంలో పైకి వెళుతుంది. నీరు తగ్గితే అవి ఆకులో ఖర్చుకాకుండా పేరుకుపోతాయి, ఇక చాలన్నట్టుగా బుడిపె పని తగ్గిపోతుంది.

జులై 28, శుక్రవారం

వారం రోజులుగా ఒకటే వాన. నిన్న కడెం ప్రాజెక్టు గేట్ల మీదుగా నీళ్లు పొర్లాయన్న వార్తతో జిల్లా అంతా భయపడిపోయింది. ఇక్కడ వాగు పొంగి అక్క చేలో రెండు సాళ్లు కోసుకుపోయాయి. నల్లరేగడిలో నీళ్లు నిలిచి మొక్క పసుపు రంగుకు తిరిగింది, జాలు పట్టింది.

మురుగు కాల్వలు తీయించే పనిలోనే పొద్దు గుంకింది. ఎత్తు మడులు వేసి, మధ్యలో కాల్వ వదిలి విత్తిన రైతులు ఇద్దరు ముగ్గురే. వాళ్ల చేలల్లో నీరు దిగిపోయింది, ఆకు పచ్చగానే ఉంది.

జాలు గురించి మేము చెప్పుకునేటప్పుడు ఆకు పసుపు గురించే చెబుతాం. నాకు వేరు గురించి దిగులు. నీళ్లు నిలిచిన నేలలో గాలి ఉండదు, గాలి లేని చోటికి వేరు దిగదు. ఇలాంటి వానల్లో వేరు పై జానెడులోనే పరుచుకుంటుంది. తర్వాత వాన మొహం చాటేస్తే కింద నీరున్నా ఈ వేరుకు అందదు. వరద తర్వాత వచ్చే బెట్ట అందుకే మామూలు బెట్ట కంటే చెడ్డది.

ఆగస్టు 8, మంగళవారం

ఆశ్లేష కార్తె. నెల మొదలైనప్పటి నుంచి లెక్కకొచ్చే వాన లేదు. పెద్దాయన చేలో ఊదారంగు పూత సాళ్ల పొడవునా విచ్చుకుంది.

సోయా వయసును రోజుల్లో చెప్పుకోవడం మన అలవాటు. 1977లో అమెరికాలోని అయోవాలో ఫెర్, కావినెస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మొక్కను చూసి దశ చెప్పే పద్ధతి పెట్టారు. మొదటి పూత ఆర్1, పిందె మొదలు ఆర్3, గింజ పట్టడం ఆర్5, గింజ పూర్తిగా నిండటం ఆర్6, పంట పక్వానికి రావడం ఆర్8. ప్రపంచమంతా ఈ లెక్కే వాడుతున్నారు. నాకూ ఇదే నచ్చుతుంది. "నలభై రోజుల పంట" అంటే రకాన్ని బట్టి ఏ దశైనా కావచ్చు, ఆర్3 అంటే ఎవరి చేలోనైనా ఆర్3యే.

పూత దశలో నీరు తగ్గితే ఏమవుతుంది? పూలు రాలతాయి. బాగా వానలున్న ఏడాదిలోనూ సోయా తన పూలలో సగానికి పైగా రాల్చేస్తుంది. పూత వరసగా వారాల తరబడి వస్తూనే ఉంటుంది కాబట్టి ఇవాళ రాలినవి వచ్చే వారం పూతతో పూడవచ్చు. ఈ దశ బెట్టను పంట కొంతవరకు తట్టుకుంటుంది. ఆ తర్వాతి దశలకు ఈ సౌకర్యం లేదు.

మధ్యాహ్నం రెండింటికి చేలో నిలబడితే ఆకులు వెల్లకిలా తిరిగి, అడుగు వైపు తెల్లగా మెరుస్తున్నాయి. ఎండ తగిలే మేర తగ్గించుకునేందుకు మొక్క చేసే పని అది. సాయంత్రానికి మామూలుగా సర్దుకుంటే భయం లేదు. మర్నాడు పొద్దున కూడా వాలిపోయే కనబడితే నేలలో నీరు అయిపోవచ్చిందని అర్థం.

ఆగస్టు 16, బుధవారం

చుక్క లేదు. పెద్దాయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. "ఎన్నొద్దులాయె బిడ్డా, మబ్బు సుత లేదు. మొన్నటి దాక వరదాయె, గిప్పుడు నెర్రెలాయె. అక్క చేను చూసినవా, గింత సుత వాడలే. నా చేనుకే ఏమొచ్చిందో" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ ప్రశ్నకు లెక్క వేసుకున్నాను. లోతైన నల్లరేగడి మీటరు లోతులో మొక్కకు పనికొచ్చే నీటిని సుమారు 150 నుంచి 200 మిల్లీమీటర్ల దాకా పట్టి ఉంచుతుంది. మూరెడు లోతుకే మొరం తగిలే వాలు భూమిలో అరవై, డెబ్భై మిల్లీమీటర్లుంటే ఎక్కువ. సాళ్లు కమ్ముకున్న సోయా ఇలాంటి ఎండల్లో రోజుకు ఐదారు మిల్లీమీటర్లు తాగుతుంది. నేలలో ఉన్న నీరంతా అయిపోయేదాకా మొక్క ఆగదు, దాదాపు సగం ఖర్చయ్యేసరికే దానికి కష్టం మొదలవుతుంది. ఈ లెక్కన పెద్దాయన భూమిలో వాన ఆగిన వారానికే బెట్ట మొదలైంది. అక్క భూమిలో వేరు దిగినంత మేర రెండు వారాలకు పైగా ఆగుతుంది. లోతు నేల గాదె నిండా గింజలున్న ఇల్లు, పలచ నేల ఏ పూటకాపూట తెచ్చుకునే ఇల్లు.

ఒకే ఊరు, ఒకే వాన, ఒకే పంట. అయినా ఈ రెండు చేలల్లో బెట్ట తేదీ వేరు. వాన కొలిచే పరికరం మండలానికి ఒకటి ఉంటే అది ఆకాశం సంగతి చెబుతుంది, నేల సంగతి చెప్పదు.

ఆగస్టు 23, బుధవారం

సాయంత్రం రైతు వేదికలో అందరం కలిసి చంద్రయాన్ దిగడం చూశాం. పిల్లల కేకలతో హాలు మారుమోగింది. నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

పొద్దున చేల సంగతి రాసుకోవాలి. పెద్దాయన చేను పిందె దశలో ఉంది. సాళ్ల మధ్య పిందెలు రాలి పడి ఉన్నాయి. గోరు సైజు పిందెలు పట్టుకుంటే చాలు, ఊడి చేతిలోకి వస్తున్నాయి. వేరు తవ్వి బుడిపెలు చీల్చాను. జులైలో చూసిన గులాబీ రంగు పోయి లోపల పాలిపోయి, కొన్ని ఆకుపచ్చగా మారాయి. నాలుగైదు చోట్ల మొక్కలు నిలువునా ఎండిపోయాయి, కాండం మొదలు చీలిస్తే లోపల బొగ్గుపొడి లాంటి నల్లటి మచ్చలు. మాక్రోఫోమినా అనే ఈ శిలీంధ్రం నేలలో ఎప్పుడూ ఉండేదే. మొక్క నీటికి అల్లాడేటప్పుడు, నేల వేడెక్కినప్పుడు దానికి బలం వస్తుంది.

మొక్క లోపల ఏం జరుగుతోందో రైతులకు ఇలా చెప్పాను. వేరుకు నీరు తగ్గగానే అబ్‌సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. అది ఆకుల మీది సన్నని రంధ్రాలను మూయిస్తుంది. రంధ్రాలు మూసుకుంటే నీరు ఆవిరి కాదు, నిజమే. అవే రంధ్రాల గుండా రావలసిన బొగ్గుపులుసు వాయువూ లోపలికి రాదు. చక్కెర తయారీ తగ్గుతుంది. చల్లబరిచే ఆవిరి లేక ఆకు వేడెక్కుతుంది. ఉన్న కాసింత ఆహారంతో అన్ని పిందెలనూ సాకలేక మొక్క కొన్నిటిని వదిలేస్తుంది.

"మరి యూరియా కొట్టుమంటరా మేడం?" అని అక్క అడిగింది. ఆమె చేలో ఇంకా తడి ఉంది, కాబట్టి లీటరు నీటికి పది గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయమన్నాను. రెండు శాతం యూరియా అయినా ఫరవాలేదు. పెద్దాయనకు మాత్రం చెప్పలేదు. నేల పూర్తిగా ఎండిన చేలో పిచికారీ డబ్బు దండగ. దానికి బదులు గుంటుక తోలి నెర్రెలు మూయమన్నాను, పైమట్టి పొడి అయితే అడుగు తేమ కొంత నిలుస్తుంది. "నీళ్లకు నీళ్లే గావాలె గద బిడ్డా" అన్నాడు. ఆ మాటకు ఎదురు లేదు.

ఆగస్టు 31, గురువారం

రాఖీ పున్నమి. దేశం మొత్తం మీద 1901 నుంచి లెక్కలున్నంత కాలంలో ఇదే అతి పొడి ఆగస్టు అని వాతావరణ శాఖ ప్రకటించింది. కురవాల్సిన దానికంటే 36 శాతం తక్కువ కురిసింది.

ఈ ఏడాది ఇదే పంటకు అర్జెంటీనాలో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. మూడేళ్లు వరసగా లా నినా ఉండి, 2022-23 పంటకాలంలో అక్కడి సోయా దిగుబడి మామూలు ఏడాదితో పోలిస్తే సగానికి పడిపోయింది. ఆ దేశంలోనే రాకెల్ చాన్ అనే శాస్త్రవేత్త బృందం పొద్దుతిరుగుడు మొక్క జన్యువొకటి సోయాలో పెట్టి బెట్టను తట్టుకునే హెచ్‌బీ4 రకం తయారుచేసింది, 2015లో అక్కడి ప్రభుత్వం దానికి అనుమతిచ్చింది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఇంకో దారి. అమెరికాలోని నార్త్ కరోలినాలో టామీ కార్టర్ అనే సోయా శాస్త్రవేత్త జపాన్ నుంచి వచ్చిన ఒక పాత రకం మీద పనిచేశాడు. దాని పేరు పీఐ 416937. చుట్టూ ఉన్న మొక్కలు వాలిపోతున్నా ఇది ఆలస్యంగా వాడుతుంది. కారణం వెతికితే తేలిందేమిటంటే, మధ్యాహ్నం గాలి బాగా పొడిబారినప్పుడు ఇది తన నీటి ఖర్చును ఒక హద్దు దగ్గరే ఆపేస్తుంది. నేలలో నీరున్నప్పుడే పొదుపు మొదలుపెడుతుంది, మిగిలిన ఆ నీరు గింజ నిండే రోజులకు పనికొస్తుంది. ఏ జన్యువూ బయటి నుంచి తేకుండా, సోయా కుటుంబంలోనే వెతికితే దొరికిన గుణం ఇది. ఇండోర్‌లో 1987 నుంచి సోయా పరిశోధన కేంద్రం ఉంది. మన దగ్గర ఆదిలాబాద్ పరిశోధన స్థానం బాసర రకాన్ని ఇచ్చింది. మన నల్లరేగడికి, మన ఆగస్టుకు సరిపోయే పొదుపరి రకాలు ఇక్కడి నుంచే రావాలని కోరుకుంటున్నాను.

సెప్టెంబర్ 5, మంగళవారం

వాన! పుబ్బ కార్తె పుణ్యమా అని మొన్నటి నుంచి పడుతోంది. నేల తాగిన కొద్దీ తాగుతోంది. నెర్రెలన్నీ మూసుకున్నాయి.

అక్క చేనుకు ఇంతకంటే మంచి ఘడియ లేదు. పిందెలు కట్టి, గింజ పట్టబోయే దశ. ఆగస్టులో రాలిన పూతకు బదులుగా పై కణుపుల్లో కొత్త పూత ఉంది, అదీ కొంత నిలుస్తుంది. పెద్దాయన చేలో మిగిలిన కాయల్లో గింజ సగం దాకా వచ్చి ఆగింది. కింది ఆకులు అప్పుడే పండిపోయాయి. బెట్ట కొడితే పంట త్వరగా ముసలిదవుతుంది, ఆకులోని నత్రజనిని గింజకు లాగేసి ఆకును వదిలేస్తుంది. వదిలేసిన ఆకు వానకు తిరిగి రాదు.

సెప్టెంబర్ 14, గురువారం

పొలాల అమావాస్య. ఊరంతా ఎడ్లకు స్నానాలు చేయించి, కొమ్ములకు రంగులేసి, గుడి చుట్టూ తిప్పారు. పెద్దాయన ఎడ్ల మీద కొత్త జూలు గుడ్డ ఉంది. పంట ఎలా ఉన్నా ఎడ్లకు లోటు చేయనన్నాడు.

ఊరేగింపు అయ్యాక ఇద్దరి చేలకూ వెళ్లాను. అక్క చేను ఆర్5 దాటింది, కాయ నొక్కితే గింజ గట్టిగా తగులుతోంది. గింజ పట్టిన దగ్గర్నుంచి నిండేదాకా ఉండే ఈ మూడు వారాలే అన్నిటికంటే కీలకం. పూత పోతే కొత్త పూత వస్తుంది, పిందె రాలితే మిగిలిన కాయలో గింజ కొంచెం పెద్దదవుతుంది. గింజ నిండే దశలో నీరు లేకపోతే సర్దుకోవడానికి ఇంకేమీ మిగలదు. గింజ నిండే రోజులే కుదించుకుపోతాయి, గింజ ముడుచుకుపోతుంది.

సెప్టెంబర్ 29, శుక్రవారం

పెద్దాయన పంట కోసి నూర్చాడు. ఎకరాకు మూడు క్వింటాళ్లు దాటలేదు. జేఎస్ 93-05 నాలుగు గింజల కాయలకు పేరుబడ్డ రకం. కుప్పలోంచి గుప్పెడు కాయలు ఒలిస్తే చాలా వాటిలో రెండే నిండాయి, మిగతా గదుల్లో తాలు. గింజ చిన్నది, ముడతలు పడ్డది, కొన్ని ఆకుపచ్చగానే ఎండిపోయాయి. ఈ ఏడు మద్దతు ధర క్వింటాలుకు 4,600 రూపాయలు. ఈ గింజకు ఆ ధర పలకడం కష్టం. వచ్చే ఏడు విత్తనానికి దాచుకోవద్దని చెప్పాను, నిండని గింజ మొలక శక్తి మీద నమ్మకం పెట్టుకోలేం.

అక్టోబర్ 12, గురువారం

అక్క చేను నూర్పిడి. ఎకరాకు ఆరు క్వింటాళ్లు వచ్చాయి. కాయల సంఖ్య మంచి ఏడాదితో పోలిస్తే తక్కువే, ఆగస్టు తన వాటా తీసుకుంది. గింజ మాత్రం నిండుగా, గుండ్రంగా ఉంది. సెప్టెంబర్ వాన గింజ బరువులో కనబడుతోంది.

అక్టోబర్ 20, శుక్రవారం

సీజన్ నివేదిక రాయాలి. పట్టికలో ఒక గడి ఉంది, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మొత్తం వర్షపాతం. ఈసారి మన రాష్ట్రంలో ఆ అంకె సగటుకు తగ్గలేదు, పైనే ఉంది. ఆ గడి ఒక్కటే చూసినవాళ్లకు ఈ ఏడు కరువు లేదు. పెద్దాయన కల్లంలో ఉంది. జులైలో ఒక వారం కురిసి వాగులో పోయిన వాన, ఆగస్టులో పడని వానకు బదులు కాదు. సోయాకు మొత్తం మీద 450 నుంచి 700 మిల్లీమీటర్లు కావాలని పుస్తకాలు చెబుతాయి. ఏ దశలో ఎంత అందిందన్నదే దిగుబడిని తేల్చింది.

అందుకే నివేదికతో పాటు నా పరిధిలోని ఊళ్ల చేలకు విడిగా ఒక పట్టిక తయారు చేస్తున్నాను. నేల లోతు, విత్తిన తేదీ, రకం, మొదటి పూత తేదీ, గింజ పట్టిన తేదీ, ఆ తేదీల పక్కన వాన పడని రోజులు. పంట నష్టం లెక్కకట్టేటప్పుడు ఈ వరసలే చూడాలని పైవాళ్లను అడుగుతాను. మన రాష్ట్రంలో 2020 నుంచి ఫసల్ బీమా అమలులో లేదు. రేపు ఏ బీమా వచ్చినా అది మొత్తం వానను కాకుండా పంట దశను చూసి నిర్ణయించేదిగా ఉండాలి.

రైతులకు చెప్పాల్సినవీ రాసి పెట్టుకుంటున్నాను. పలచ నేలలో సోయా ఒక్కటే వేయకండి, కంది సాళ్లు కలపండి. సోయా దెబ్బతిన్నా కంది వేరు లోతుకు దిగి, ఆలస్యంగా కాసి ఇల్లు నిలబెడుతుంది. భూమంతా ఒకే రకంతో ఒకే రోజు విత్తకండి, గింజ నిండే వారాలు రెండు తేదీలకు పంచుకోండి. ఎత్తు మడులు చేయండి, అవి జులై నీటిని పంపేస్తాయి, వేరును కిందికి దిగనిస్తాయి. వాలు భూమి ఉన్నవాళ్లు పంట కుంట తవ్వుకోండి. ఎకరానికి ఒక్క తడి, 50 మిల్లీమీటర్లు ఇవ్వాలంటే రెండు లక్షల లీటర్ల నీరు చాలు. ఆ నీరు జులైలో మీ గట్టు మీది నుంచే పోయింది. దాన్ని పూతకు ఖర్చు పెట్టకండి. గింజ పట్టే రోజు దాకా ఆపి, అప్పుడు వదలండి.